హాజీపూర్ ఉదంతం: తప్పిపోయిన పిల్లల వెతుకులాటలో ఊరి జనం

తెలంగాణలో తప్పిపోయిన పిల్లల కేసులను ప్రస్తావించినప్పుడు 2019 ఏప్రిల్‌లో బయటపడ్డ హాజీపూర్ ఉదంతం తప్పక గుర్తుకొస్తుంది. హాజీపూర్ యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలోని చిన్న ఊరు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోకముందు ఇది నల్లగొండ జిల్లాలో ఉండేది. ఒక బాలిక కోసం సాగిన గాలింపులో, నాలుగేళ్లుగా ఆచూకీ లేని ఇంకో బాలిక సంగతి ఇక్కడ తేలింది. పిల్లలు కనబడకుండా పోయినప్పుడు పోలీసులు కాని మామూలు మనుషులు చేసే ఆరా ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ ప్రాణం తీస్తుందో తెలుసుకోవడానికి ఈ ఒక్క జిల్లా చరిత్రే చాలు.

2019 ఏప్రిల్ 25న తొమ్మిదో తరగతి చదివే 14 ఏళ్ల బాలిక స్పెషల్ క్లాసులు ముగించుకుని ఇంటికి బయలుదేరింది. ఇంటికి చేరలేదు. మర్నాడు ఊరి పొలాల్లోని పాడుబడ్డ బావిలో ఆమె పుస్తకాల సంచి కనిపించింది. నీళ్లు లేని బావి, అడుగున మట్టి. ఆ మట్టి తవ్వితే బాలిక మృతదేహం బయటపడింది. రాచకొండ పోలీసులు నాలుగు రోజుల్లోనే అదే ఊరి యువకుణ్ణి అరెస్టు చేశారు. బస్సు లేని దారిలో నడిచిపోతున్న పిల్లకు బైకుమీద లిఫ్ట్ ఇస్తానని ఎక్కించుకున్నవాడు అతడే. విచారణలో అతడు చెప్పిన చోట తవ్వితే, అదే ఏడాది మార్చి నుంచి కనబడని ఒక కాలేజీ విద్యార్థిని అవశేషాలు దొరికాయి. ఆ తర్వాత మరో బావిలో మూడో అమ్మాయి ఎముకలు దొరికాయి. ఆమె 2015 ఏప్రిల్‌లో తప్పిపోయిన 11 ఏళ్ల పిల్ల. 2020 ఫిబ్రవరి 6న నల్లగొండలోని పోక్సో ప్రత్యేక కోర్టు నిందితుడికి ఉరిశిక్ష విధించింది.

కేసు కోర్టులో తేలినా, 2015 ఫైలు గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవాలి. ఆ నాలుగేళ్లు ఆ పిల్ల పేరు ‘మిస్సింగ్’ అన్న ఒక్క మాట కిందే ఉండిపోయింది. నేరం చేసినవాడు మాత్రం ఊళ్లోనే, అందరి కళ్లెదుటే ఉన్నాడు. కొత్తగా ఇంకో పిల్ల పోయి, బావిలో సంచి కనబడేదాకా పాత సంగతికి దారి దొరకలేదు. అంతుచిక్కని కేసు అంటే ఆధారాలు లేని కేసని అనుకుంటాం. చాలాసార్లు అది మళ్లీ అడిగేవాళ్లు లేని కేసు.

ఆ లోపు చుట్టుపక్కల జనం అనుమానం ఎటు పోయిందో చూడాలి. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని, పార్థీ ముఠా దిగిందని వాట్సాప్‌లో వీడియోలు, ఫోటోలు చుట్టేశాయి. ఊళ్లలో యువకులు కర్రలు పట్టుకుని రాత్రిళ్లు కాపలా కాశారు. ఇదే యాదాద్రి జిల్లా బీబీనగర్ మండలం జియాపల్లిలో బంధువుల ఇంటికి వచ్చిన ఒక వ్యక్తిని ఎత్తుకుపోయేవాడనుకుని కొట్టి చంపారు. అదే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళనూ ఇలాగే చంపారు. బీబీనగర్, బొమ్మలరామారం ఒకే జిల్లాలోని మండలాలు. ఎవరో తెలియని మొహాన్ని చూసి జనం దొంగ అనుకున్నారు, అసలు హంతకుడిది మాత్రం రోజూ చూసే మొహం. ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టుకుని చదవని వారికి హాజీపూర్ సగమే అర్థమవుతుంది.

ఆ వదంతుల కాలంలోనే జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు. ఎండాకాలంలో ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం తలుపులు బిగించుకుంటున్నారని ఊళ్లకు వెళ్లిన పోలీసులు గమనించారు. ఏం భయం అని అడిగితే జనం ఫోన్లు చూపించారు. ఆ వీడియోలు ఎక్కడివో, ఎందుకు అబద్ధమో ఊరూరా చెప్పించారు. దండోరా వేయించి, కళాకారులతో డప్పుమీద పాటలు పాడించారు. ఆ జిల్లాలో వదంతుల వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు.

తెలుగునాట పిల్లవాడు కనబడకపోతే వెతుకులాట ఎప్పుడూ ఇంటివాళ్లతోనే మొదలవుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ పరిసరాల్లో ముందు కట్టమీదికి పరుగెడతారు. తర్వాత బావులు, బస్టాండు, అమ్మమ్మగారి ఊరు. ఠాణాకు వెళ్లేసరికి పొద్దుపోతుంది. ఆడపిల్లయితే పరువు పోతుందన్న జంకు ఇంకో రోజు మింగేస్తుంది. మూడో రోజో నాలుగో రోజో జిల్లా పేజీలో చిన్న ప్రకటన పడుతుంది. పుట్టినరోజుకు స్టూడియోలో తీయించిన ఫోటో, చామనఛాయ, ఎత్తు ఇంత, తప్పిపోయిన రోజు వేసుకున్న బట్టల రంగు, ఆచూకీ తెలిసినవారు తెలియజేయగలరు అన్న వాక్యం. ఆ నాలుగు వరుసల్లో అసలు పనికొచ్చేవి పుట్టుమచ్చ, దెబ్బ తాలూకు మచ్చ, చివరిసారి చూసిన చోటు, వేళ. అవే చాలాసార్లు ఉండవు.

ఈ ఆలస్యాన్ని చట్టం ఒప్పుకోదు. 2013 మే 10న బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టాలి, కిడ్నాప్ లేదా అక్రమ రవాణా జరిగిందన్న అనుమానంతోనే దర్యాప్తు మొదలుపెట్టాలి. ఇరవై నాలుగు గంటలు ఆగి రమ్మనే హక్కు ఏ ఠాణాకూ లేదు. నాలుగు నెలల్లో ఆచూకీ దొరక్కపోతే కేసు మనుషుల అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్లాలి.

ఇక సొంతంగా ఆరా తీసేవారి సంగతి. దీనికి నోయిడాలోని నిఠారీ పెద్ద ఉదాహరణ. అక్కడ పిల్లలు వరుసగా మాయమవుతున్నారని తల్లిదండ్రులు మొత్తుకున్నా ఎవరూ వినలేదు. 2006 డిసెంబరులో కాలనీవాసులే మురుగు కాలువలో దిగి వెతికితే అవశేషాలు బయటపడ్డాయి. జనం శోధన అక్కడ గెలిచింది, దర్యాప్తు ఓడింది. 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు నిందితులను నిర్దోషులుగా తేల్చింది. ఆనవాళ్లు ఎవరు, ఎప్పుడు, ఎవరి ఎదుట తీశారన్నది కోర్టులో ఎంత ముఖ్యమో ఆ తీర్పు చూస్తే తెలుస్తుంది. అందుకే బావిలో సంచి కనబడితే దాన్ని తాకకుండా పోలీసులను పిలవడమే మేలు.

2007 మే 3న పోర్చుగల్‌లో మూడేళ్ల మెడలీన్ మెకాన్ మాయమైనప్పుడు ప్రపంచమంతా డిటెక్టివ్ అయింది. పొరుగునున్న ఒక వ్యక్తిమీద పత్రికలు నేరం మోపాయి, ఆనక పరిహారం చెల్లించి క్షమాపణ చెప్పుకున్నాయి. ఆ పాప ఆచూకీ నేటికీ లేదు. దీనికి ఎదురుగా సరూ బ్రియర్లీ కథ ఉంది. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాకు చెందిన ఈయన చిన్ననాట రైలెక్కి కోల్‌కతా చేరి తప్పిపోయాడు. దత్తతకు ఆస్ట్రేలియా వెళ్లి, పెద్దయ్యాక గూగుల్ ఎర్త్‌లో రైలు పట్టాల వెంట వెతికి 2011లో తన ఊరు పట్టుకున్నాడు. తప్పిపోయిన పిల్లవాడే తన కేసు తేల్చుకున్న అరుదైన సందర్భమిది. ఇందులో ఆయన వెతికింది నేరస్తుణ్ణి కాదు, నీళ్ల ట్యాంకునూ వంతెననూ. సామాన్యుల శోధన ఫలించిన చోట్ల ఎక్కువగా కనిపించేది ఇలాంటి వెతుకులాటే.

తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట ఇటుక బట్టీలు, హోటళ్లు, స్టేషన్లలో పిల్లల్ని గాలిస్తారు. 2018లో తెచ్చిన దర్పణ్ సాధనం ఆశ్రమాల్లోని పిల్లల ఫోటోలను తప్పిపోయినవారి ఫోటోలతో పోల్చి చూస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో 2015లో తప్పిపోయిన ఒక బాలుడు అస్సాంలోని ఆశ్రమంలో ఉన్నట్టు 2020లో దీనివల్లే తేలింది. పాత ఫైలైనా, అందులో సరైన ఫోటో ఉంటే చచ్చిపోదు.

పోక్సో చట్టం 23వ సెక్షన్, బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాధిత పిల్లల పేరు, ఫోటో, బడి, ఇల్లు బయటపెట్టడం నేరం. తప్పిపోయిన పిల్ల ఫోటోను వెతుకులాట కోసం పంచుకున్నవారు ఆచూకీ దొరికాక దాన్ని తీసేయాలి. మీ వీధిలో ఒంటరిగా కనిపించిన పిల్లవాడి గురించి గానీ, ఏళ్ల కిందట పోయిన పిల్ల గురించి ఇప్పుడు గుర్తొచ్చిన చిన్న సంగతి గురించి గానీ 1098కి లేదా 112కి ఫోన్ చేయండి.