బస్సు ఆగిన చోటి నుంచి

పార్వతీపురం కాంప్లెక్సులో కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు వెళ్లే పల్లెవెలుగు బస్సు ఎక్కి చివరి దాకా వచ్చేవాళ్లలో ఈమధ్య కొత్త మనుషులు కనిపిస్తున్నారు. వీపున సంచి, కాళ్లకు బూట్లు, చేతిలో సెల్‌ఫోను. తాడికొండ జలపాతానికి దారెటు అని అడుగుతారు. అటు సీతంపేటలోనూ ఇదే వరస. మెట్టుగూడ జలపాతం, ఆడలి కొండ చూడ్డానికి ఆదివారం పూట కుర్రాళ్లు దిగుతున్నారు. వాళ్ల వెనకే మనవాళ్లూ దిగుతారు, నెత్తిన డిపో బియ్యం మూట, చంకలో పిల్ల. ఒకే బాట ఎక్కుతారు. వాళ్లు దాన్ని ట్రెక్కింగ్ అంటారు. మనవాళ్లు ఇంటికెళ్తున్నాం అంటారు.

వాళ్లు రావడం నాకు తప్పుగా అనిపించదు. ప్లాస్టిక్ సీసాలు గెడ్డలో పడేయకుండా ఉంటే చాలు. నన్ను ఆలోచనలో పడేసింది మా బడిలో ఏడో తరగతి పిల్ల అడిగిన మాట. షేర్షా పెద్ద రోడ్డు వేయించాడని పాఠం చెప్పిన రోజు, “మాష్టారూ, మన కొండదారి ఎవరేశారు?” అంది. ఎవరూ వేయలేదమ్మా, నడిస్తే పడింది అన్నాను. ఆ జవాబు నాకే సరిపోలేదు. ఎవరు నడిచారో, ఎందుకు నడిచారో చెప్పకపోతే అది చరిత్ర ఎలా అవుతుంది?

మొదట ఉప్పు. కొండమీద చోడి పండుతుంది, కంది పండుతుంది, పసుపు, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు దొరుకుతాయి. ఉప్పు దొరకదు. అది నౌపడ లాంటి సముద్రం ఒడ్డు మడుల నుంచి రావాలి. మా అయ్య కావిడి భుజాన వేసుకుని కోడికూతకు ముందే గూడ దిగేవాడు. సొరకాయ బుర్రలో చోడి అంబలి. గెడ్డ దాటే చోట నీళ్లు తక్కువగా ఎక్కడుంటాయో, వానాకాలం ఏ గట్టు జారుతుందో, ఏ మలుపులో కావిడి దింపుకోవచ్చో బాటకే తెలుసనేవాడు. నడుములోతు బరువు మోసినవాళ్లు ఎంచుకున్న దారి కాబట్టి అది నిట్టనిలువుగా ఎక్కదు, చుట్టి ఎక్కుతుంది. ఇంజనీరు కొలత లేకపోయినా కొలత ఉంది. సంతలో శావుకారి కుంచానికి మాత్రం కొలత ఉండేది కాదు. ఉప్పుకీ గుడ్డకీ చేసిన అప్పు పంట మీదికి, పంట నుంచి భూమి మీదికి ఎక్కేది. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టడానికి కారణం ఈ సంతలే.

ఈ బాటల్లో పైకి వచ్చినవాళ్లూ ఉన్నారు. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను తెల్లదొరలు మామూలు కోర్టుల పరిధి నుంచి తీసి కలెక్టరును ఏజెంటుగా పెట్టారు. మనల్ని ‘ఏజెన్సీ’ అనడం అక్కడ మొదలైంది. అధికారులు ఎక్కువగా పన్నుకో, తిరుగుబాటు అణచడానికో ఎక్కారు. గిడుగు రామమూర్తి గారు మాత్రం భాష కోసం ఎక్కారు. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట నేర్చుకున్నారు, అడవిలో గూడగూడకీ తిరిగారు. మన్యం జ్వరం పట్టింది. క్వినైను మందుతో వినికిడి పోయింది. వినికిడి పోయినా పని ఆపలేదు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆగస్టు 29న మనం ఆయన ఫొటోకి దండ వేసి వ్యావహారిక భాష గురించి చెప్తాం. సవర గూడల బాటల్లో నడిచిన సంగతి ఒక వాక్యంలో ముగించేస్తాం. ఇంకో మాట. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది. గీత కాగితం మీద పడింది. పిల్లనిచ్చే ఇళ్లు అటూ ఇటూ ఉండిపోయాయి, నడక ఆగలేదు.

నేను పిల్లలకు నిలబడి చెప్పే పాఠం మాత్రం లేవిడి దారి. 1967 అక్టోబరు 31. మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ. కూలి పెంచాలి, కౌలు పంటలో రైతు వాటా పెరగాలి, వెట్టి పోవాలి, పోడు భూమి మీద హక్కు కావాలి. ఇవీ కోరికలు. గూడల నుంచి ఆడా మగా కొండబాటల్లో నడిచి బయలుదేరారు. లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించారు. తుపాకులు పేలాయి. కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడు కోర్టు నిందితులను వదిలేసింది. 1968 నవంబరు నాటికి సంఘం పోరాటం ఆయుధాల దాకా వెళ్లింది. దేశమంతా శ్రీకాకుళం పేరు మోగింది, వందల మంది చనిపోయారు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. ఈ కొండల్లో పిల్లలకు అక్షరాలు చెప్పిన చోటి నుంచే సంఘంలోకి వచ్చారు. 1970 జులై 10న బొరి కొండల్లో ఎదురుకాల్పుల్లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. ఆ పోరాట మార్గం ఒప్పా తప్పా అన్నది పెద్ద చర్చ, మా ఇంట్లోనే రెండు మాటలున్నాయి. కానీ కోరన్న, మంగన్న ఆ రోజు నడిచింది మీటింగుకి. ఈ ఒక్క సంగతి పిల్లలకు తెలియకుండా ఎలా వదిలేస్తాం? ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు పోకుండా బిగించిన 1970 ఒకటో రెగ్యులేషన్ అదే కాలంలో వచ్చింది. ఐటీడీఏలు ఆ తరవాత వచ్చాయి. లేవిడిని పక్కన పెట్టి వాటిని చదివితే అవి ఊరికే పైనుంచి రాలినట్టు కనిపిస్తాయి.

రోడ్లూ ఆ తరవాతే పైకి పాకాయి. ముందు జీపులు తిరిగాయనీ, బస్సు చాలా కాలానికి వచ్చిందనీ మా పెద్దలు చెప్తారు. బస్సు రావడంతో సంత దగ్గరైంది, హాస్టలు దగ్గరైంది. నేను టీచర్ ట్రైనింగుకి వెళ్లింది ఆ బస్సులోనే. అయితే బస్సు ఆగే చోటికీ గూడకీ మధ్య ఉన్న బాట చాలా చోట్ల అలాగే ఉంది. నొప్పులొచ్చిన ఆడకూతుర్ని డోలీలో మోసేది దాని మీదే. ఒక వానాకాలం రాత్రి నేనూ ఒక కొమ్ము పట్టాను. కింద రోడ్డు మీద అంబులెన్సు వచ్చేసరికి తెల్లారింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. అందుకని ఎవరైనా కొండబాట అందం గురించి నాతో మాట్లాడితే ముందు నాకు ఆ రాత్రి గుర్తొస్తుంది. రోడ్డు కావాలి. రోడ్డు వద్దని ఈ వ్యాసం రాయడం లేదు.

బాట మీద హక్కు గురించి దూరదేశం సంగతి ఒకటి చెప్తాను. ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర కిండర్ స్కౌట్ అనే కొండను పెద్ద భూస్వాములు వేటకోసం అట్టేపెట్టుకుని జనాన్ని రానిచ్చేవారు కాదు. 1932 ఏప్రిల్ 24న కార్మిక యువకులు వందల మంది కలిసి నడిచి ఎక్కారు. ఐదుగురు జైలుకి పోయారు. 1949లో చట్టం వచ్చి, జనం నడిచే కాలిబాటలను పటాలకెక్కించడం మొదలైంది. ఇరవై ఏళ్లు అడ్డంకి లేకుండా జనం నడిస్తే అది ప్రజల బాట అని అక్కడి చట్టం భావిస్తుంది. మనం ఎన్ని ఇరవైలు నడిచాం!

మనకూ చట్టం ఉంది. అటవీ హక్కుల చట్టం 2006, మూడో సెక్షను, రెండో ఉపవిభాగం. బడి, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు లాంటి వాటికి అడవి భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు చేయాలి. లెక్కల పీరియడులో పిల్లల చేత ఇదే చేయించాను. హెక్టారంటే పదివేల చదరపు మీటర్లు. నాలుగు మీటర్ల వెడల్పు రోడ్డయితే ఎంత పొడవు వస్తుంది? రెండున్నర కిలోమీటర్ల లోపు. మా గూడల్లో రెండింటికి అది సరిపోతుంది. మూడోదానికి చాలదు.

ఈ ఏడాది పిల్లలు బాటల పటం గీస్తున్నారు. జలపాతం బాట, సంత బాట, శ్మశానం బాట, ఒరిస్సా చుట్టాల బాట. తాతల్ని అడిగి ప్రతి రాయికీ, గెడ్డకీ పేరు రాస్తున్నారు. కొన్ని పేర్లు సవర మాటలు, తెలుగులో రాయడానికి అక్షరం సరిగా కుదరక కొట్టేసి మళ్లీ రాస్తున్నారు. ఒక మలుపుకి ‘భుజం మార్చే చోటు’ అని పేరుందట, కావిడి కాలం నుంచీ. డోలీ మోసేవాళ్లూ అక్కడే మారతారు. ఆ రాత్రి మేమూ అక్కడే మారాం, పేరు తెలియకుండానే.

పటం గ్రామసభలో పెడితే దూరాలు కిలోమీటర్లలో కావాలన్నారు. మా దగ్గర ఉన్నవి పూటలూ, అంబలి తాగే రాళ్లూ. సంక్రాంతి సెలవుల్లో తాడు పట్టుకుని కొలుద్దామనుకుంటున్నాం. బస్సు స్టాపు దగ్గర మొదలుపెట్టి పైకి.