పన్ను తీయాలా, వద్దా? క్లిప్పుల వైద్యంలో వందేళ్ల తగవు

అమెరికాలో నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయపు దంతవైద్యశాల రికార్డులను నలభయ్యేళ్ల వెనక నుంచి తిరగేసి, విలియం ప్రాఫిట్ 1994లో ఒక లెక్క ప్రచురించారు. క్లిప్పుల కోసం వచ్చినవాళ్లలో 1953లో నూటికి 30 మందికి పళ్లు తీశారు. 1968లో ఆ సంఖ్య 76. 1993కి మళ్లీ 28కి దిగిపోయింది. పదిహేనేళ్లలో పిల్లల దవడలు ఇరుకైపోయి, మరో పాతికేళ్లలో మళ్లీ విశాలం కావడం జరిగే పని కాదు. వైద్యుల నమ్మకమే అటు ఊగి ఇటు వచ్చింది. ఇవాళ మన ఊళ్లలో ఒకే పిల్లను చూసి ఒక ఆర్థోడాంటిస్ట్ నాలుగు పళ్లు తీయాలంటే, పక్క వీధిలో మరొకరు ఒక్కటీ అక్కర్లేదంటారు. తల్లిదండ్రులు ఎవరిని నమ్మాలో తెలియక సతమతమవుతారు. ఆ గందరగోళం మన ఊళ్లో పుట్టింది కాదు. దానికి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర చదివినకొద్దీ నాకు ఒకటే కనిపిస్తుంది. ఈ తగవును ఏ సిద్ధాంతమూ, ఏ కొత్త తీగా తీర్చలేదు. వైద్యం ముగిసిన ఏళ్ల తర్వాత తమ పాత రోగులను వెనక్కి పిలిచి, నోరు తెరిపించి చూసిన వైద్యులే దీన్ని ఓ కొలిక్కి తెచ్చారు.

వంకర పళ్లను సరిచేయాలన్న ఆలోచన పాతదే. పాలపన్ను ఊడకముందే పక్కనుంచి కొత్త పన్ను మొలిస్తే, పాలపన్ను తీసేసి కొత్తదాన్ని రోజూ వేలితో దాని చోటికి నెట్టమని మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ రాశాడు. 1728లో పారిస్ వైద్యుడు పియేర్ ఫొషార్ తన గ్రంథంలో, గుర్రపు లాడం ఆకారంలో వంచిన లోహపు పట్టీని పళ్లకు దారాలతో కట్టి వాటిని బయటికి లాగే పద్ధతి వివరించాడు. అయితే ఏది వంకర, ఏది సరి అని తేల్చే కొలమానం ఇంకో నూటడెబ్బై ఏళ్లదాకా ఎవరూ ఇవ్వలేదు. ఎత్తు పళ్లు, దొంతరగా మొలిచిన పళ్లు, మధ్యలో సందులు, పైపళ్లు కిందిపళ్లను పూర్తిగా కప్పేసే లోతైన కలయిక, నోరు మూసినా ముందుపళ్లు కలవని తెరపి, పైపళ్లు కిందిపళ్లకు లోపలివైపున పడే ఎదురు కలయిక, పైదాన్ని దాటి ముందుకొచ్చిన కింది దవడ, ఇవన్నీ ఒకే గంపలో ఉండేవి. పందొమ్మిదో శతాబ్దపు దంతవైద్యుల్లో చాలామంది ఇరుకు కనిపిస్తే చేతికి అందిన పన్ను తీసేసేవారు. మిగిలిన పళ్లు ఎలా కలుస్తాయన్నది వాళ్లు పెద్దగా పట్టించుకున్న విషయం కాదు.

ఆ గంపను విడదీసినవాడు ఎడ్వర్డ్ హార్ట్లీ యాంగిల్. 1899లో ఆయన ప్రకటించిన వర్గీకరణ ఇప్పటికీ ప్రతి దంత కళాశాలలో మొదటి పాఠం. ఆరేళ్ల వయసులో వచ్చే పై మొదటి దవడపన్నును ఆయన కదలని గుర్తుగా తీసుకున్నాడు. దాని ముందువైపు బయటి మొన, కింది మొదటి దవడపన్ను గాడిలో కూర్చుంటే అక్కడ పొందిక సరే, మిగతా పళ్లే ఇరుక్కున్నాయి. అది మొదటి తరగతి. కింది పన్ను వెనక్కి ఉంటే రెండో తరగతి, మనం ఎత్తు పళ్లనేవి ఎక్కువగా ఇందులోకే వస్తాయి. కిందిది ముందుకు ఉంటే మూడో తరగతి. ముందువెనకల తేడా తప్ప, నిలువుగా వచ్చే లోతూ తెరపీ, అడ్డంగా వచ్చే ఎదురు కలయికా ఈ లెక్కలోకి రావు. అయినా ఇంత సులువుగా, అందరికీ ఒకేలా కనిపించే గుర్తు అంతకుముందు లేదు. 1900లో యాంగిల్ సెయింట్ లూయిస్‌లో ఈ విద్యకంటూ మొట్టమొదటి బడి తెరిచాడు. 1928లో, పంటి మీద తీగను పట్టి ఉంచే ఎడ్జ్‌వైజ్ అనే బ్రాకెట్‌ను ప్రచురించాడు. దీర్ఘచతురస్రాకారపు తీగ అదే ఆకారపు గాడిలో కూర్చుంటే పంటి తలనే కాక వేరును కూడా తిప్పవచ్చు. ఇవాళ వేసే లోహపు క్లిప్పుల్లో దాదాపు అన్నిటికీ మూలం అదే.

ఇంత చేసిన మనిషి ఒక నమ్మకాన్ని మాత్రం శాసనంలా పట్టుకున్నాడు. ముప్పైరెండు పళ్లూ ఉండి తీరాలి, ఒక్కటీ తీయరాదు. మొదట్లో కొన్ని కేసుల్లో పళ్లు తీయడాన్ని ఒప్పుకున్నవాడే, 1907లో వచ్చిన తన పుస్తకం ఏడో ముద్రణ నాటికి పూర్తిగా తిరిగిపోయాడు. దీనికి రెండు ఆధారాలు చూపాడు. ఒకటి జర్మన్ శాస్త్రవేత్త యూలియస్ వోల్ఫ్ 1892లో రాసిన సూత్రం: ఎముక తన మీద పడే బరువును బట్టి రూపు మార్చుకుంటుంది. కాబట్టి పళ్లను సరైన వరుసలోకి తెస్తే, నమిలే ఒత్తిడికి చుట్టూ ఎముక దానంతటదే పెరుగుతుందని యాంగిల్ వాదించాడు. రెండోది అపోలో బెల్వెడేర్ శిల్పం. ఆ ముఖమే మానవ సౌందర్యానికి కొలమానమని, పళ్లన్నీ ఉండి సరిగ్గా కలిస్తే ముఖం దానంతటదే ఆ పొందికకు చేరుతుందని అనుకున్నాడు. ఈ వాదాన్ని ఒక్కమాటతో కొట్టిపారేయడం అన్యాయమవుతుంది. అడ్డదిడ్డంగా పళ్లు పీకే కాలంలో ఆయన పట్టుదల ఎందరో పిల్లల పళ్లను కాపాడింది. వోల్ఫ్ సూత్రంలో నిజం కూడా ఉంది. ఎముక రూపు మారకపోతే క్లిప్పుల వైద్యమే లేదు. పన్ను ఒత్తిన వైపు ఎముక కరుగుతుంది, లాగిన వైపు కొత్తది కడుతుంది. అయితే పంటి చుట్టూ ఉన్న ఎముక మారుతుంది కాబట్టి దవడ మొత్తం పెరుగుతుందనడం ఒక పెద్ద గెంతు. ఆ గెంతుకు యాంగిల్ దగ్గర కొలతలు లేవు.

చికాగో వైద్యుడు కాల్విన్ కేస్ దీన్ని బహిరంగంగా ఎదిరించాడు. 1911లో అమెరికా జాతీయ దంతవైద్య సంఘం సభలో ఆయన చదివిన పత్రం ఈ వృత్తి చరిత్రలో పెద్ద వాగ్వాదానికి దారి తీసింది. అరుదైన కేసుల్లోనైనా పళ్లు తీయక తప్పదనీ, తీయకుండా విస్తరించిన వరుస నిలవదనీ, ముఖం ముందుకు ఉబ్బుతుందనీ కేస్ వాదించాడు. యాంగిల్ తరఫున మార్టిన్ డ్యూయీ జవాబిచ్చాడు. సభ మొగ్గు యాంగిల్ వైపే ఉంది. ఆ తర్వాత దాదాపు ముప్పయ్యేళ్లు అమెరికాలో పళ్లు తీసి క్లిప్పులు వేయడం పరువు తక్కువ పనిగా చెలామణీ అయింది. ఆ వాగ్వాదాన్ని చదివితే బాధ కలిగించేది ఎవరు గెలిచారన్నది కాదు. పదేళ్ల కింద క్లిప్పులు తీసేసిన రోగుల పలువరుసల అచ్చులు తెచ్చి బల్ల మీద పెట్టి కొలిచి చూద్దామన్న ప్రతిపాదన అక్కడ నిర్ణాయకం కాలేకపోయింది. గురువు మాట మీద గౌరవం, ప్రకృతి మీద భక్తి, వాక్పటిమ, వీటితోనే తీర్పు జరిగిపోయింది.

మలుపు యాంగిల్ శిష్యుడి నుంచే వచ్చింది. ఛార్లెస్ ట్వీడ్ గురువు చివరి రోజుల్లో ఆయన దగ్గరే పనిచేసి, అరిజోనాలో కేవలం ఎడ్జ్‌వైజ్ పద్ధతితో వైద్యం ప్రారంభించాడు. గురువు చెప్పినట్టే ఎవరికీ ఒక్క పన్నూ తీయలేదు. కొన్నేళ్లు గడిచాక తన రోగులను పిలిచి చూసుకున్నాడు. చాలామందికి పళ్లు తిరిగి ఇరుక్కున్నాయి, పెదవులు ముందుకు తోసుకొచ్చాయి. బాగున్నవాళ్లను ఒకవైపు, చెడిపోయినవాళ్లను ఒకవైపు పెట్టి పోల్చాడు. బాగున్నవాళ్లలో కింది ముందుపళ్లు దవడ ఎముక మీద నిటారుగా నిలబడి ఉన్నాయి. చెడినవాళ్లలో అవి ఎముక అంచు దాటి ముందుకు వాలాయి. అప్పుడు చెడిన కేసుల్లో కోరపన్ను వెనక ఉండే చిన్న దవడపళ్లు, అంటే మొదటి ప్రీమోలార్లు, నాలుగు తీసి, డబ్బు తీసుకోకుండా రెండోసారి వైద్యం చేశాడు. అలా రెండుసార్లు వైద్యం చేసిన వంద కేసులను 1940లో తోటివైద్యుల ముందు పెట్టాడు. తన చేతి పనిలో తప్పుందని తానే రుజువు చేసి చూపించడం ఏ వృత్తిలోనైనా కష్టం. గురువును దైవంగా కొలిచిన బృందంలో అది మరీ కష్టం. క్లిప్పుల చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం ఇదే.

అదే కాలంలో భూగోళానికి అవతల ఇంకో శిష్యుడు ఇదే చోటికి వేరే దారిలో చేరాడు. యాంగిల్ దగ్గర చదివి ఆస్ట్రేలియాలోని ఎడిలైడ్‌కు తిరిగి వెళ్లిన రేమండ్ బెగ్, ఆదివాసుల పాత పుర్రెలను పరిశీలించాడు. ఇసుక, గరుకు కలిసిన తిండి నమిలి నమిలి వాళ్ల పళ్లు పైన మాత్రమే కాక పక్కల్లో కూడా అరిగాయి. అరిగేకొద్దీ వరుసలో చోటు దొరికింది, ఇరుకు రాలేదు. మెత్తని తిండి తినేవాళ్లకు ఆ అరుగుదల లేదు కాబట్టి, అది ఇవ్వాల్సిన చోటును వైద్యుడు పన్ను తీసి ఇవ్వాలని బెగ్ వాదం. దాని ఆధారంగా సన్నని తీగతో తేలికపాటి ఒత్తిడి పెట్టే పద్ధతి తెచ్చాడు. తర్వాతి పరిశోధకులు బెగ్ చెప్పినదానికంటే లోతుకు వెళ్లారు. రాబర్ట్ కొరుచ్చినీ, భారతీయ సహచరులతో కలిసి పంజాబ్‌లో చేసిన సర్వే 1983లో వెలువడింది. ఒకే జాతికి చెందిన యువతీయువకుల్లో పల్లెవాళ్లకన్నా చండీగఢ్ నగరవాసులకు పళ్ల పొందిక లోపాలు ఎక్కువ కనిపించాయి. వంశం ఒకటే, తిండీ బతుకూ వేరు. చిన్నప్పటి నుంచి గట్టిగా నమిలే పని లేకపోతే దవడే పూర్తి పరిమాణానికి పెరగదని దీని నుంచి తీసిన అర్థం. పళ్ల వెడల్పు మాత్రం చాలావరకు పుట్టుకతోనే నిర్ణయమవుతుంది. నలుగురి బెంచీ మీద అయిదుగురు కూర్చున్నట్టు పళ్లు ఒకదాన్నొకటి తోసుకోవడం అక్కడ మొదలవుతుంది. అంతా వంశమే అనేవాళ్లు హాబ్స్‌బర్గ్ రాజుల ముందుకొచ్చిన కింది దవడను చూపిస్తారు. మూడో తరగతి దవడల విషయంలో ఆ మాట బలమైనదే. ఇరుకు పళ్లకూ అదే కారణమనుకోవడమే పొరపాటు.

ట్వీడ్, బెగ్‌ల మాట గెలిచింది. గెలిచాక అదీ శాసనంగా మారింది. 1968లో నూటికి 76 మందికి పళ్లు తీసిన లెక్క దాని ఫలితం. పళ్లు తీస్తే వరుస నిలుస్తుందన్న భరోసా ఆ ఉప్పెనకు ఊతమిచ్చింది. దాన్ని కూడా పరీక్షించింది పాత రోగుల నోళ్లే. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్ బృందం మొదటి ప్రీమోలార్లు తీసి వైద్యం చేసిన 65 మందిని, క్లిప్పులు విప్పాక పళ్లను కదలకుండా పట్టి ఉంచే రిటెయినర్ ఆపేసి కనీసం పదేళ్లు గడిచాక చూసి 1981లో నివేదించింది. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మందికి కింది ముందుపళ్లు తృప్తికరంగా నిలవలేదు. దీన్ని చూసి పళ్లు తీయకుండా వరుస విస్తరించడమే మేలనుకున్నవాళ్లకు కూడా ఓదార్పు దొరకలేదు. చిన్నవయసులో కింది వరుసను పొడిగించిన కేసుల్లో అదే బృందం చూసిన ఫలితం మరింత నిరాశపరిచింది. అసలు ఏ వైద్యమూ చేయించుకోని మంచి పలువరుసలు సైతం వయసుతోపాటు కింద ఇరుకవుతాయని కూడా వాళ్లే చూపారు. అంటే పళ్లు జీవితాంతం కదులుతూనే ఉంటాయి.

మరి తీయడం వల్ల ముఖం పీక్కుపోతుందన్న భయమో? దానికీ జవాబు ఉంది. యాంగిల్ మొదటి బడి వెలసిన సెయింట్ లూయిస్ నగరంలోనే, లైసిల్ జాన్‌స్టన్ బృందం 1992లో ఒక పోలిక ప్రచురించింది. ఎటైనా వెళ్లగలిగిన సరిహద్దు కేసులు 63 తీసుకుని, వైద్యం ముగిసిన సుమారు పద్నాలుగేళ్లకు పిలిచి చూశారు. పళ్లు తీసినవాళ్ల పెదవులు, తీయనివాళ్లకంటే రెండు మిల్లీమీటర్ల మేర లోపలికి ఉన్నాయి. ముఖం గురించి వాళ్ల సొంత అభిప్రాయంలో తేడా కనిపించలేదు. పళ్లు తిరిగి ఇరుక్కోవడంలో కూడా రెండు వర్గాలకూ పెద్ద తేడా లేదు. పళ్లు తీస్తే దవడ కీలు చెడుతుందని 1980లలో రేగిన అలజడికి కూడా ఇక్కడ ఆధారం దొరకలేదు.

సాధనాల పాత్రను నేను తక్కువ చేస్తున్నానని ఎవరైనా అనవచ్చు. 1931లో బ్రాడ్‌బెంట్ తెచ్చిన తల ఎక్స్‌రే లేకపోతే ట్వీడ్ కంటితో చూసినదాన్ని కోణాల్లో కొలవడం సాధ్యమయ్యేది కాదు. 1955లో బ్యూనొకోర్ పంటి పింగాణీ మీద యాసిడ్‌తో గరుకు చేసి అంటించే పద్ధతి కనిపెట్టాక, ప్రతి పంటికీ చుట్టిన లోహపు పట్టీల అవసరం చాలావరకు పోయింది. పట్టీల మందం తినేసే చోటు మిగలడం, పళ్లు తీసే అవసరాన్ని కొంత తగ్గించింది కూడా. నికెల్ టైటానియం తీగ వచ్చాక తరచూ తీగ వంచే శ్రమ తగ్గింది. ఇవన్నీ నిజమే. ఇవి పన్నును ఎక్కడికైనా హాయిగా తీసుకెళ్లే బలమిచ్చాయి. ఎక్కడ ఆపాలో చెప్పే పని మాత్రం పాత రోగుల అచ్చులదే.

అసలు లోపమని దేన్ని అనాలన్న ప్రశ్న కూడా ఇందులోంచే పుడుతుంది. అపోలో ముఖాన్ని కొలతగా పెట్టుకుంటే దక్షిణ భారతంలో సగం ముఖాలు తప్పు అవుతాయి. మనలో పైపళ్లూ కిందిపళ్లూ రెండూ కాస్త ముందుకు ఉండడం మామూలు. అందుకే మన కళాశాలలు ఇక్కడి జనానికి విడిగా ఎక్స్‌రే కొలతలు కట్టుకున్నాయి. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 1981లో పదకొండు పన్నెండేళ్ల పిల్లలు 1,018 మందితో మొదలుపెట్టిన అధ్యయనం ఇరవయ్యేళ్లు సాగింది. క్లిప్పులు వేయించుకోనివాళ్లు పెద్దయ్యాక దానివల్ల మానసికంగా కుంగిపోయిన జాడ అందులో కనబడలేదు. పళ్ల అందం మీద తృప్తి మాత్రం వైద్యం చేయించుకున్నవాళ్లలో ఎక్కువ. కాబట్టి అందం కోసం క్లిప్పులు వేయించుకోవడం తప్పేమీ కాదు, అది మనిషి సొంత ఇష్టం. వేయించకపోతే పిల్ల జీవితం పాడవుతుందని భయపెట్టడమే తప్పు. పైపళ్లు కింది చిగురును గాయపరిచే లోతైన కలయిక, దెబ్బ తగిలితే విరిగిపోయేంత ఎత్తు పళ్లు, ఎముకలో చిక్కుకున్న కోరపన్ను, వీటి సంగతి వేరు. అక్కడ వైద్యం అవసరమే, ఆలస్యం చేయకూడదు.

పిల్లల్ని క్లినిక్‌కు తీసుకెళ్లే తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. పన్ను తీస్తారా తీయరా అన్న ఒక్క మాటతో వైద్యుణ్ని ఎంచుకోకండి. కింది ముందుపళ్లు ఎముక మీద ఎలా నిలబడి ఉన్నాయో, ఎంత చోటు తక్కువైందో, పెదవులు ఎటు కదులుతాయో, ఎక్స్‌రేనూ అచ్చులనూ ముందు పెట్టి చూపించమనండి. క్లిప్పులు విప్పాక ఏం చేస్తారో కూడా ఆ రోజే అడగండి. నాలుగు పళ్లు తీయించుకున్న పిల్లకైనా, ఒక్కటీ తీయించుకోని పిల్లకైనా, రాత్రిపూట రిటెయినర్ మానేస్తే చాలా నోళ్లలో కింది ముందుపళ్లు మళ్లీ కదులుతాయి.