బందరు రేవు 11వ నంబరు, ఒక ఎల్ఈడీ బోర్డు, దాని బ్యాటరీ

తుఫానొస్తే మన పేపర్లలో తప్పకుండా కనబడే వాక్యం ఒకటుంది: "మచిలీపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు". ఎగరేసేది ఏంటో ఎప్పుడైనా ఆలోచించారా? నాగాయలంకలో మా బాబాయి పంచాయతీ అరుగు దగ్గర తుఫాను కబుర్లు చూపించే ఎల్ఈడీ బోర్డు ఒకటి చేసిపెట్టరా అన్నాడు. దానికి పవర్ సప్లై లెక్కేస్తూ ఈ పాత కథలో పడ్డాను.

1864 నవంబరు 1న బందరు మీద ఉప్పెన పడింది. సుమారు 30 వేల మంది పోయారు. ముందుగా చెప్పే వ్యవస్థే అప్పటికి లేదు. కలకత్తా రేవుకి తుఫాను హెచ్చరికలు 1865లో మొదలయ్యాయి, 1886 నాటికి దేశంలోని రేవులన్నిటికీ వచ్చాయి. 1898 ఏప్రిల్ నుంచి అన్ని రేవుల్లోనూ ఒకే రకం గుర్తులు పెట్టారు. పగలు స్తంభానికి కోన్లు, సిలిండర్లు కడతారు. రాత్రయితే ఎరుపు, తెలుపు దీపాలు. మొత్తం 11 నంబర్లు, అంటే మన లెక్కలో నాలుగు బిట్లు చాలు :) పగటి డిస్‌ప్లేకి కరెంటు సున్నా. రాత్రికి కొన్ని దీపాలు వెలిగితే పనైపోతుంది. ఇంతకంటే పొదుపైన డిజైన్ నేనైతే చూళ్ళేదు.

కాకపోతే అది ఓడల వాళ్ళ కోసం. దివిసీమ లోపలి ఊళ్ళకి ఆ స్తంభం కనబడదు కదా. 1977 నవంబరు 19 ఉప్పెనలో సుమారు పదివేల మంది చనిపోయారు. 1990 మే 9న అంతకు తక్కువేం కాని తుఫాను కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే తీరం దాటితే మృతులు వెయ్యి లోపు, ఎందుకంటే కబురు ముందే అందింది, లక్షల మందిని ముందే తరలించారు. బాబాయి బోర్డు సంగతి అందుకే నాకు ఆటలా అనిపించలేదు.

ఇక లెక్క. రెండు పి10 ఎర్ర ప్యానెళ్ళు. చుక్కలన్నీ వెలిగితే ఒక్కోటి 5 వోల్టుల దగ్గర దాదాపు 4 ఆంపియర్లు లాగుతుంది. రెండూ కలిపి 8, అంటే 40 వాట్లు. అక్షరాలకి నాలుగో వంతు చుక్కలే వెలుగుతాయి కాబట్టి సగటు 10 వాట్లు. చాలామంది ఈ సగటు చూసి చిన్న అడాప్టర్ కొనేస్తారు, బోర్డు మొత్తం ఒక్కసారి వెలిగిందంటే కంట్రోలర్ రీసెట్! సప్లై 10 ఆంపియర్లది ఉండాలి. వైరు సన్నదైతే 0.1 ఓమ్ చాలు, 8 ఆంపియర్ల దగ్గర 0.8 వోల్టు అక్కడే పోతుంది.

సగటు పనికొచ్చేది బ్యాటరీకి. స్తంభాలు పడిపోతే మూడ్రోజులు కరెంటు రాదనుకోండి. 72 గంటలు, 10 వాట్లు, 720 వాట్-అవర్లు. కన్వర్టర్ 85 శాతం ఇస్తే 850. లెడ్-ఆసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి 1700. 12 వోల్టులకి 140 ఏహెచ్ పైమాటే. గుడివాడలో ఏ బ్యాటరీ కొట్టుకెళ్ళినా ఇంటి ఇన్వర్టర్‌కి ఇచ్చే 150 ఏహెచ్ బండ అన్నమాట. కానీ నిమిషానికి పది సెకన్లే వెలిగిస్తే? కంట్రోలర్, కన్వర్టర్ ఖర్చు ఒక వాట్ కలుపుకున్నా 40 ఏహెచ్ సరిపోతుంది. ఇన్వర్టర్ పెట్టి 230 వోల్టులకి ఎక్కించి మళ్ళీ 5కి దించడం శుద్ధ దండగ, 12 నుంచి నేరుగా 5కి బక్ కన్వర్టర్ పెట్టాలి. ల్యాబ్‌లో వాడిన 7805 జోలికి మాత్రం వెళ్ళొద్దు... ఒక్క ఆంపియర్‌కే 7 వాట్లు వేడి కింద పోతాయి.

అన్నట్టు, ఆ 11వ నంబరుకి అర్థం తుఫాను తీవ్రత కాదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం బాగా చెడుతుందని రేవు అధికారే అనుకుంటున్నాడు అని. నూరేళ్ళ పైబడ్డ హార్ట్‌బీట్ టైమౌట్! మొబైల్ టవర్ బ్యాటరీ మన బోర్డు కంటే ముందే అయిపోవచ్చు. అప్పుడు బోర్డు నిన్నటి కబురే చూపిస్తూ కూర్చుంటే ప్రమాదం. అందుకే మూడు గంటలు డేటా రాకపోతే పాత కబురు చెరిపేసి "సమాచారం అందడం లేదు, పంచాయతీలో అడగండి" అని చూపించేలా రాశాను. బ్యాటరీ లెక్కలో ఆ మూడ్రోజులూ దీనికోసమే.