శానిటోరియం నుండి సొంత ఇంటికి

మా చిన్నతనంలో చుండూరులో క్షయ అన్న మాటను పెద్దలు గొంతు తగ్గించి పలికేవారు. 1957లో మా మేనత్తను మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం పంపారు. అత్త ఎప్పుడొస్తుందని అడిగితే మా నాయనమ్మ కళ్ళొత్తుకునేదే గాని జవాబు చెప్పేది కాదు. ఏడాదిన్నరకు ఆమె తిరిగి వచ్చింది. అప్పటికి చంటిబిడ్డ తల్లిని గుర్తుపట్టలేదు.

ఆరోగ్యవరం శానిటోరియాన్ని క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో ప్రారంభించాయి. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి అధిపతి. అప్పట్లో క్షయకు మందు లేదు. మంచి గాలి, పుష్టికరమైన తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. అందుకే నెలలు, ఒక్కొక్కరికి ఏళ్ళు పట్టేది. మన మంగళగిరిలోనూ శానిటోరియం ఉండేది. ఆ స్థలంలోనే నేడు ఎయిమ్స్ వెలసింది.

1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. మందులు వచ్చినా, దేశంలోని రోగులందరికీ మంచాలు ఎక్కడివి? ఈ చిక్కు తీర్చడానికి 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం నెలకొల్పారు. కొందరు రోగులను శానిటోరియంలోను, కొందరిని ఇళ్ళలోను ఉంచి, ఏడాదిపాటు ఒకే మందులిచ్చారు. ఇళ్ళలోనివారు పేదలు. ఇరుకు గదులు, చాలీచాలని తిండి. అయినా 1959లో ప్రకటించిన ఫలితాల్లో ఇరువర్గాలకూ నయమైన తీరు ఇంచుమించు ఒక్కటే. అయిదేళ్ళు గమనించినా, ఇంట్లో చికిత్స పొందినవారి కుటుంబాలకు వ్యాధి ఎక్కువగా సోకలేదు. ఆ తర్వాత లోకమంతటా శానిటోరియం అవసరం తగ్గుతూ వచ్చింది.

అయితే ఒక సంగతి మరువరాదు. ఆ కేంద్రం సిబ్బంది చెప్పకుండా ఇళ్ళకు వెళ్ళి మాత్రలు లెక్కపెట్టేవారు. మూత్రపరీక్ష చేసి మందు మింగారో లేదో చూసేవారు. ఆసుపత్రిలో నర్సు చేసే పని ఇంటి దగ్గర కూడా ఎవరో ఒకరు చేయవలసిందే. 1997 నుండి మన దేశంలో విస్తరించిన డాట్స్ పద్ధతిలో ఎదుట నిలబడి మందు మింగించింది ఇందుకే.

ఇప్పుడు మామూలు క్షయకు ఆరు నెలల మందు చాలు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. కాని రెండు నెలలకే దగ్గు తగ్గిందని మానేసేవారున్నారు. అలా మానితే వ్యాధి మందులకు లొంగకుండా ముదరవచ్చు.

పెన్షనరు సోదరులారా, సోదరీమణులారా! పగలంతా ఇంటిపట్టున ఉండేది మనమే. ఇంట్లోగాని, ఇరుగుపొరుగున గాని ఎవరికైనా ఈ జబ్బు వస్తే, రోజూ మాత్ర వేయించి క్యాలెండరులో గుర్తు పెట్టండి. మా మేనత్తకు ఆనాడు ఈ వీలుంటే, బిడ్డకు దూరంగా ఏడాదిన్నర గడిపేది కాదు.