రాత్రి కరెంటు, చేతిలో ఫోను

బోరు పక్కన రాతి కూసానికో, చిన్న రేకుల గది గోడకో వేలాడే ఇనప డబ్బా అది. ముందువైపు ఒక ఆకుపచ్చ మీట, ఒక ఎర్ర మీట, మసకబారిన అద్దం వెనక ఆంపియర్లు చూపే ముల్లు. తలుపు తీస్తే సాలెగూళ్లు, బల్లి గుడ్లు, నల్లబడిన రాగి కాంటాక్టులు. రైతులు దీన్ని స్టార్టర్ అంటారు. నగరాల్లో ఫోను నొక్కి గీజరు వేసుకోవడం, ఏసీ ఆపుకోవడం మామూలు కాకముందే తెలుగు పల్లెల్లో చాలామంది ఇంటి దగ్గర నుంచే పొలంలో మోటరు వేయడం నేర్చుకున్నారు. పట్నం ఇంటికి ఈ ఏర్పాటు సౌకర్యం కోసం వచ్చింది. పొలానికి వచ్చింది మాత్రం రాత్రి నిద్ర కోసం, కొన్నిసార్లు ప్రాణం కోసం.

మోట, ఏతాం నడిచిన రోజుల్లో నీళ్లు తోడటమంటే ఎడ్లూ మనుషులూ కలిసి పొద్దు పొడవకముందే మొదలుపెట్టే పని. తర్వాత ఆయిలింజన్లు వచ్చాయి. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు, 1969లో కేంద్ర స్థాయిలో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక కరెంటు స్తంభాలు ఊరు దాటి పొలాల్లోకి నడిచాయి. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్టీఆర్ ప్రభుత్వం హార్స్ పవర్‌కు ఏడాదికి 50 రూపాయల చొప్పున శ్లాబు రేటు పెట్టడంతో మోటరు సన్నకారు రైతుకూ అందుబాటులోకి వచ్చింది. మెట్ట ప్రాంతాల్లో బావులు అడుగంటిన కొద్దీ వాటి స్థానంలో బోర్లు దిగాయి. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇచ్చే ఫైలుపై తొలి సంతకం చేశారు.

కరెంటు ఉచితమైంది కానీ, అది వచ్చే వేళ రైతు చేతిలో లేదు.

మోటర్లకు కావాల్సిన త్రీఫేజ్ కరెంటును రోజంతా ఇచ్చే స్తోమత అప్పటి విద్యుత్ సంస్థలకు లేదు. అందుకని ఊళ్లను గ్రూపులుగా విడగొట్టి, ఒక్కో గ్రూపుకు ఏడు గంటల చొప్పున ఇచ్చేవారు. అదీ ఒక్క విడతలో కాదు. పగలు కొంత, రాత్రి కొంత. పగటిపూట కర్మాగారాలకు, సాయంత్రం ఇళ్లకు డిమాండు ఎక్కువ కాబట్టి పొలాల వాటాలో పెద్ద ముక్క అర్ధరాత్రి తర్వాత పడేది. మధ్యలో ట్రిప్పయితే ఆ గంట పోయినట్టే.

స్టార్టర్ పనిచేసే తీరు ఈ కష్టాన్ని రెట్టింపు చేసింది. ఆకుపచ్చ మీట నొక్కగానే డబ్బాలోని కాయిల్ అయస్కాంతంగా మారి కాంటాక్టులను పట్టి ఉంచుతుంది, మోటరు తిరుగుతుంది. కరెంటు పోతే కాయిల్ పట్టు వదిలేస్తుంది. మళ్లీ కరెంటు వచ్చినా ఎవరో ఒకరు వచ్చి మీట నొక్కేదాకా మోటరు కదలదు. చెప్పకుండా తిరగడం మొదలుపెడితే మనిషికీ యంత్రానికీ ప్రమాదమని పెట్టుకున్న రక్షణ అది. రాత్రిలో నాలుగుసార్లు కరెంటు పోయి వచ్చే ఊళ్లో ఆ రక్షణే రైతును నాలుగుసార్లు పొలానికి నడిపించింది. చేతిలో టార్చిలైటు, భుజాన గొంగడి, గట్ల మీద తడి గడ్డి. కట్లపాము, రక్తపింజరి తిరిగే వేళ కూడా అదే. తడికాళ్లతో పాత ఇనప డబ్బాను ముట్టుకుని షాక్ కొట్టి చనిపోయిన రైతుల వార్తలు జిల్లా పేజీల్లో తరచూ కనిపించేవి. చాలామంది ఈ తిరుగుడు పడలేక మోటరు దగ్గరే మంచం వేసుకుని పడుకునేవారు.

ఆ అవసరంలోంచే ఆటో స్టార్టర్ ఊరూరా పాకింది. స్టార్టర్‌కు తగిలించే చిన్న రిలే పెట్టె ఇది. త్రీఫేజ్ కరెంటు వచ్చిన కొన్ని క్షణాలకు మనిషి వేలు చేసే పనిని అదే చేస్తుంది. ఊరి మోటరు మెకానిక్కే దీన్ని బిగించేవాడు. రైతు సాయంత్రం మడవ సరిచేసి ఇంటికొచ్చి పడుకుంటే, కరెంటు ఏ జామున వచ్చినా పొలం తడిసేది. తెలుగు వ్యవసాయంలో సామాన్యుడి చేతికందిన తొలి ఆటోమేషన్ ఇదేనంటే అతిశయోక్తి కాదు.

అయితే ఈ పెట్టెకు మొదలుపెట్టడమే తెలుసు. మడి నిండిందా, బోరులో నీళ్లున్నాయా అన్నది దానికి అక్కర్లేదు. నీళ్లు అందని బోరులో మోటరు తెల్లవార్లూ ఉత్తినే తిరిగేది. ఇంకో చిక్కు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. ఇండక్షన్ మోటరు మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. ఒక్కో రైతు నడిచివచ్చి మీట నొక్కే రోజుల్లో ఆ భారం విడివిడిగా పడేది. ఆటో స్టార్టర్లు వచ్చాక కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ దాదాపు ఒక్కసారే లేచేవి. వోల్టేజి పడిపోయేది, ఫ్యూజులు ఎగిరేవి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి. మండల కేంద్రాల్లో మోటరు వైండింగు షాపులకు సీజనంతా ఊపిరాడని పని దొరికింది. ఒకరి సుఖనిద్ర కోసం పెట్టిన పెట్టె వల్ల పది మంది పైరు ఎండే పరిస్థితి వచ్చిందన్నమాట.

దీనికి జవాబు ఫోను నుంచి వచ్చింది. 2003లో ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాయి. అప్పటి నుంచి మొబైల్ పల్లెలకు చేరడం ఊపందుకుంది. మిస్డ్ కాల్ పైసా ఖర్చు లేని కబురుగా స్థిరపడింది. రాత్రిళ్లు మోటరు వేయడానికి తాత పడే అవస్థ చూసిన పుణె ఇంజినీరు సంతోష్ ఓస్త్వాల్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, ఫోనుతో మోటరును నడిపే ‘నానో గణేశ్’ను రూపొందించారు. దానికి 2009లో నోకియా అంతర్జాతీయ పోటీలో బహుమతి వచ్చింది. బెంగళూరులో తయారైన ‘కిసాన్ రాజా’ లాంటివి రైతు భాషలోనే జవాబు చెప్పడం మొదలుపెట్టాయి. మన రైతులు ఏ కంపెనీదైనా ఒకే పేరుతో పిలిచారు: మొబైల్ స్టార్టర్.

లోపల ఉండేది ఒక సిమ్ కార్డు, చిన్న యాంటెన్నా, మూడు ఫేజులనూ కనిపెట్టే సర్క్యూటు. రైతు ఆ సిమ్ నంబరుకు ఫోన్ చేస్తాడు. తన దగ్గర నమోదైన నంబరు అయితేనే పెట్టె స్పందిస్తుంది. ఒక అంకె నొక్కితే మోటరు తిరుగుతుంది, మరో అంకె నొక్కితే ఆగుతుంది. కరెంటు వచ్చినా, పోయినా, ఒక ఫేజు తప్పినా తనే కబురు పెడుతుంది. మోటరు లాగే ఆంపియర్లు ఒక్కసారిగా తగ్గితే బోరులో నీరు అందడం లేదని గ్రహించి ఆపేసే రకాలూ వచ్చాయి. ఆటో స్టార్టర్‌కు లేనిది ఇక్కడే దొరికింది: ఆపడం, చెప్పడం. మార్కెట్ యార్డులో మిర్చి కాటా కోసం కూర్చున్న రైతు అక్కడి నుంచే మోటరు ఆపగలిగాడు. భర్త ఊరెళ్తే చీకట్లో పొలం దాకా వెళ్లాల్సిన అవసరం భార్యకు తప్పింది.

2018 జనవరి 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం దాదాపు 23 లక్షల పంపుసెట్లకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటిదాకా రైతును ఆదుకున్న ఆటో స్టార్టర్ ఒక్కసారిగా సమస్యగా మారింది. కరెంటు పోకపోతే మోటరు ఆగే సందర్భమే రాదు. భూగర్భజలం అడుగంటుతుందని, ఆటో స్టార్టర్లు తీసేయాలని విద్యుత్ సిబ్బంది ఊరూరా తిరిగి చెప్పారు. పడిన పాట్లు మరచిపోని రైతుల్లో చాలామంది వెంటనే ఒప్పుకోలేదు. కరెంటు ఇలాగే ఉంటుందన్న నమ్మకం కుదరడానికి వాళ్లకు కొంత కాలం కావాల్సి వచ్చింది.

ఇప్పటి పెట్టెలు యాప్‌తో వస్తున్నాయి. ఎన్ని నిమిషాలు తిరగాలో, ఎంతసేపు ఆగి మళ్లీ మొదలుకావాలో ముందే పెట్టుకోవచ్చు. ఊటను బట్టి మోటరుకు విరామం ఇవ్వాల్సిన బోర్లకు ఇది బాగా పనికొస్తుంది. 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం వల్ల అనంతపురం లాంటి కరవు జిల్లాల్లో డ్రిప్ విస్తరించింది. ఆ తోటల్లో మోటరుతో పాటు గేటు వాల్వులనూ ఫోనుతోనే తిప్పే ఏర్పాట్లు కనిపిస్తున్నాయి. వీటికీ బలహీనతలున్నాయి. సిమ్‌కు రీచార్జి చేయించడం మరచిపోతే పెట్టెకు ఎవరి మాటా వినపడదు. పాత పెట్టెల్లో ఎక్కువ భాగం 2జీ సిగ్నల్ మీద ఆధారపడ్డవి కాబట్టి, టవర్లు కొత్త తరానికి మారుతున్న చోట వాటిని మార్చుకోక తప్పదు. ఒకప్పుడు స్పానరు, టెస్టరు, ఫ్యూజు తీగ పట్టుకుని తిరిగిన ఊరి మెకానిక్ ఇప్పుడు వాటితో పాటు నాలుగు కంపెనీల సిమ్‌లు జేబులో వేసుకుని, ఏ పొలంలో ఏది పట్టుకుంటుందో చూసి మరీ బిగిస్తున్నాడు.