వేలి నిశాని నుంచి నాలుక ముద్ర దాకా

నేరపరిశోధనలో మనిషిని పోల్చుకునే ఆనవాళ్ల జాబితాలోకి ఇటీవల నాలుక కూడా చేరింది. దాని ఆకారం, అంచులు, మీది చీలికలు, బొడిపెల అమరిక ఏ ఇద్దరిలోనూ ఒకేలా ఉండవని పరిశోధకుల వాదన. నాలుక నోట్లో దాగి ఉంటుంది కాబట్టి పనిలో అరిగిపోదని కూడా అంటారు. బీడీలు చేసి, బొగ్గు తవ్వి, నాట్లు వేసి చేతులు అరగదీసుకున్న కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతం ఈ వాదనను పరీక్షించడానికి తగిన చోటు.

కథ వేలితో మొదలవుతుంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద సంతకంతో సరిపెట్టుకోకుండా రాజ్యధర్ కొణాయ్ అరచేతి ముద్ర తీసుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. అక్కడ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ముద్రలను లెక్కప్రకారం వర్గీకరించే పద్ధతి తయారుచేశారు. పేరు మాత్రం వాళ్ల పైఅధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. 1901 నాటికి ఆ పద్ధతి లండన్ స్కాట్లాండ్ యార్డుకు చేరింది. 1920లో ఖైదీల గుర్తింపు చట్టం వచ్చింది. తెలంగాణ పల్లెల్లో చదువురాని రైతు కాగితం మీద పెట్టిన బొటనవేలి నిశాని, ఠాణాలో నేరస్థుడి ముద్ర ఒకే నమ్మకం మీద నిలబడ్డాయి: పేరు మారినా వేలు మారదు.

ఆ నమ్మకానికి సింగరేణి బొగ్గు గనుల్లో చిత్రమైన పరీక్ష ఎదురైంది. 1920ల చివర్లో బెల్లంపల్లిలో, 1960ల మొదట్లో గోదావరిఖనిలో గనులు తెరుచుకున్నాయి. కొందరు మరొకరి పేరు మీద పనిలో చేరారు. ఊళ్లో ఒక పేరు, గని రికార్డులో ఇంకో పేరు. దశాబ్దాల తర్వాత వారసత్వ ఉద్యోగానికి కొడుకు దరఖాస్తు పెట్టుకుంటే తండ్రి పేరే అడ్డుపడింది. కార్మిక సంఘాల ఎన్నికల్లో ఈ 'మారుపేర్ల' సమస్య పరిష్కారం ఏళ్ల తరబడి హామీగా నలిగింది. అక్కడ మనిషి ఒక్కడే, ఒళ్లూ ఒక్కటే. తప్పంతా మొదటిరోజు రాసుకున్న రికార్డుది.

2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి హామీ కూలీ, పింఛన్లను వేలిముద్రతో పనిచేసే స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించడాన్ని కొత్త జిల్లాలకు విస్తరించింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ 8 జిల్లాల్లోని 157 మండలాల్లో దీన్ని పరిశీలించారు. ఆ జిల్లాల్లో ఆదిలాబాద్ ఒకటి. కూలీ డబ్బులు త్వరగా అందాయని, మధ్యలో కాజేయడం తగ్గిందని తేల్చారు. 2010లోనే ఆధార్ కూడా మొదలైంది.

అయితే జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్లల్లో బీడీలు చేసే ఆడవాళ్ల పని చూడండి. నానబెట్టిన తునికాకును కత్తెరతో కోసి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి, కొస మడవాలి. కూలీ లెక్క వెయ్యి బీడీలకు. ఏళ్ల తరబడి ఇలా ఆకు రుద్దుకున్న వేళ్లు నునుపెక్కి, రేషన్ దుకాణంలో యంత్రం మీద ఎంత ఒత్తినా పచ్చదీపం వెలగదు. దీనికి మందుగా కంటిపాపను చదివే ఐరిస్ యంత్రం, ఫోన్‌కు వచ్చే ఓటీపీ వచ్చాయి.

నోటి వైపు శాస్త్రం చూపు మళ్లడం కొత్తేమీ కాదు. అంగిట్లోని మడతలను గుర్తింపుకు వాడవచ్చన్న ఆలోచన 1889 నాటిది. పెదవుల గీతలను 1970లలో జపాన్ పరిశోధకులు వర్గీకరించారు. నాలుక మాత్రం చాలాకాలం వైద్యుడి సొత్తుగానే ఉండిపోయింది. మన ఆయుర్వేదంలోని అష్టస్థాన పరీక్షల్లో జిహ్వ ఒకటి, చైనా వైద్యంలోనూ నాలుక చూడటం ముఖ్యం. హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఝాంగ్ బృందం రోగ నిర్ధారణ కోసం నాలుక ఫొటోలను కంప్యూటర్‌తో చదివిస్తూనే, 2007లో దాన్ని గుర్తింపు ముద్రగా ప్రతిపాదించింది. నాలుక చాపడం మనిషి తనంతట తాను చేసే పని కాబట్టి ఎదుట ఉన్నది బతికున్న మనిషేనని కూడా తెలుస్తుందన్నది వాళ్ల అదనపు వాదన.

తర్వాత పని దంతవైద్యుల చేతికి వచ్చింది. 2017లో చెన్నై పరిశోధకులు ఫొటోలు, అచ్చులు రెండూ వాడి నాలుకలను పోల్చారు. కట్టుడు పళ్ల కోసం వాడే ఆల్జినేట్ పొడిని నీళ్లతో కలిపి, చాపిన నాలుక మీద ఆనించి, గట్టిపడ్డాక తీసి, అందులో జిప్సం పోస్తే నాలుక నమూనా చేతికొస్తుంది. కొస మొనదేలిందా గుండ్రంగా ఉందా, నడిమి చీలిక ఎంత లోతు, అంచున పళ్ల గాట్లు ఉన్నాయా అని చూస్తారు. 2023లో ఎడిన్‌బరో, లీడ్స్ విశ్వవిద్యాలయాల బృందం 15 మంది నాలుక అచ్చులను త్రీడీలో స్కాన్ చేసింది. వాళ్ల కృత్రిమ మేధ ఒకే ఒక్క బొడిపెను చూసి, అది ఆ 15 మందిలో ఎవరిదో సుమారు 48 శాతం సార్లు సరిగ్గా చెప్పింది. గుడ్డిగా ఊహిస్తే 7 శాతం దాటదు కాబట్టి ఇది గొప్పే. కోర్టులో ఒక మనిషి మెడకు ఉచ్చు బిగించడానికి మాత్రం చాలదు.

పైగా నాలుక మారదన్న మాట మన ప్రాంతంలో నిలవదు. గుట్కా, తంబాకు నమిలేవాళ్ల నోట్లో తెల్లమచ్చలు వస్తాయి, పొర బిగుసుకుపోతుంది. రక్తహీనత ఉంటే బొడిపెలు అరిగి నాలుక నున్నబడుతుంది. బీడీ చేసే వేలికి, తంబాకు నమిలే నాలుకకు అరుగుదల వేరువేరు దారుల్లో వస్తుంది, అంతే. ఇక చనిపోయినవాళ్ల సంగతి చూస్తే, మెత్తటి కండ త్వరగా పాడవుతుంది. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది చనిపోయారు. మృతదేహాలను గుర్తించింది డీఎన్ఏ పరీక్షలే. ఆ విద్యకు మన దేశంలో పునాది వేసిన లాల్జీ సింగ్ పనిచేసిందీ హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలోనే. రక్తసంబంధీకుల నమూనా ఉంటే డీఎన్ఏను పోల్చవచ్చు. నాలుకకు ఆ వీలు లేదు. ఆ మనిషిదే పాత ముద్ర ఎక్కడో ఒకచోట ఉండాలి.

2022 నాటి నేర ప్రక్రియ గుర్తింపు చట్టం వేలు, అరచేయి, పాదం, ఐరిస్, రెటీనాలతో పాటు శారీరక, జీవ నమూనాలనూ సేకరించే అధికారం ఇచ్చింది. నాలుక పేరు అందులో లేదు. 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించాక, పేరులేని ఆనవాలును పోగుచేయడానికి తొందరపడటం తగదు. బీడీ కార్మికులకు, గని కార్మికులకు ఏటా నోటి పరీక్షలు జరిపి, వాళ్ల అనుమతితో నాలుక ఫొటోలు వైద్య రికార్డులో భద్రపరిస్తే క్యాన్సర్ ముందే బయటపడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ నాలుక ఎంత మారుతుందో కూడా తేలుతుంది. ఆ లెక్క తేలేదాకా నాలుక ముద్ర ఉండాల్సింది ఆసుపత్రిలోనే, ఠాణాలో కాదు.