ఐదు మిల్లీ ఆంపియర్లు

పటాన్‌చెరు, పాశమైలారం వైపు ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ అంటే ప్రెషర్ గేజ్‌లూ టెంపరేచర్ కంట్రోలర్లూ చూసుకునే మనిషి. మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ ఎంత వేడెక్కిందన్న కబురు కంట్రోల్ రూమ్‌కి 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా వెళ్తుంది. వోల్టేజీ పొడుగాటి వైరులో తగ్గిపోతుంది, కరెంటు తగ్గదు. సున్నా వచ్చిందంటే వైరు తెగినట్టు.

మా చిన్నాయనది ఈ పనే. నేను ఇంట్లో మిడి కంట్రోలర్ (తను మోగదు, ఏ స్వరం పలకాలో సింథసైజర్‌కి చెప్తుందంతే) మొదలుపెడితే సర్క్యూట్ బొమ్మ చూసి, "గిది మా ప్లాంట్ల లూపే గదరా!" అన్నాడు. నిజమే. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో ప్రాఫెట్-600, జూపిటర్-6 అనే రెండు పోటీ కంపెనీల కీబోర్డులను కలిపి చూపించిన మిడి కూడా కరెంటు లూపే, 5 మిల్లీ ఆంపియర్లది. అందుకునేవైపు ఆప్టోకప్లర్‌లో కబురు వెలుతురుగా దాటుతుంది. గ్రౌండ్లు కలవవు, స్పీకర్లో గుయ్‌మనే హమ్ రాదు.

వైరుతో పేచీ లేదు. అందులో వెళ్లే అంకెలతోనే. మిడిలో స్వరాలకు 0 నుంచి 127 దాకా నంబర్లు. 60కీ 61కీ మధ్య ఏమీ లేదు. మెట్లున్న వాద్యాన్ని చూసి రాసుకున్న లెక్క ఇది.

ఈ గొడవ మనకు పాతదే. గమకం పలకదని ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా సడలించలేదు. అన్నేళ్లూ సురభి నాటకాల్లో, పద్యనాటకాల్లో ఆ పెట్టే రాజ్యమేలింది. నా లెక్కలో నిషేధం మొరటుది, ఫిర్యాదు మాత్రం అబద్ధం కాదు. కాకపోతే స్టేజీ మీద హార్మోనియం పక్కన గొంతు ఉంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఖాళీని నటుడి రాగాలాపన నింపేది. సింథసైజర్ ఒక్కటే పాడాలంటే ఆ గొంతు ఎక్కడిది?

అందుకే మా కంట్రోలర్‌కి మెట్లు పెట్టలేదు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న వంద మిల్లీమీటర్ల స్లైడర్, ఒక ఆర్డుయినో. ఒకే స్వరం నొక్కిపెట్టి, పిచ్ బెండ్‌తో అటు ఆరు, ఇటు ఆరు స్వరస్థానాలు జరుపుతాం. మొత్తం ఒక స్థాయి, 1200 సెంట్లు. ఆర్డుయినో దాన్ని 1024 ముక్కలుగా చదువుతుంది. ముక్కకి ఒక సెంటు పైచిలుకు, చెవికి అందనంత సన్నం.

స్లైడర్ రీడింగులు ఊరికే వణుకుతుంటే చిన్నాయన ప్లాంటు చిట్కా చెప్పాడు: కొన్ని రీడింగుల సగటు తియ్యమని. అరవై నాలుగింటికి తీస్తే స్వరం నిలబడింది, గమకం చచ్చిపోయింది. రియాక్టర్ వేడి మారడానికి నిమిషాలు పడుతుంది, కంపితం సెకనులో ఎన్నోసార్లు ఊగుతుంది. తగ్గించుకుంటూ వచ్చి ఎనిమిది దగ్గర ఆగాం. వణుకు కొంచెం మిగిలింది. ఉండనిచ్చాం.

పెట్టె మీద షడ్జమానికీ పంచమానికీ మాత్రం గీతలు గీశాం, అవి రెండూ కదలవు కాబట్టి. రిషభం ఎక్కడుందో వేలే వెతుక్కోవాలి.